తోడు గంట

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో ఇకమీదట ఏ ఒక్కరూ ఒంటరిగా బాధపడటానికి వీల్లేదని విద్యామంత్రిగారు ప్రకటించారు. రోజూ తొమ్మిదింటికి ప్రతి క్లాస్ టీచరూ తన పిల్లలతో కూర్చుని వాళ్ల కష్టసుఖాలు వినాలి. దానికి 'తోడు గంట' అని పేరు పెట్టారు. ఉండేది అరగంటే. దాన్ని గంట అనడంలోనే మంత్రిగారి పెద్ద మనసు తెలుస్తోంది.

ఎనిమిది 'ఎ' సెక్షన్‌కి క్లాస్ టీచరైన లెక్కల టీచరమ్మకి ఈ కబురు నిజంగానే సంతోషం కలిగించింది. ఇరవై రెండేళ్లుగా ఎక్స్ విలువ కనుక్కోమని పిల్లల ప్రాణాలు తోడేసిందే తప్ప, నువ్వెలా ఉన్నావని అడిగే తీరిక ఆవిడకి దొరకలేదు.

రెండో వారంలో ఇంకో ఆర్డరొచ్చింది. తోడు గంటకి ఆలస్యంగా వచ్చేవాళ్ల సంఖ్య సున్నా ఉండాలని. హెడ్మాస్టరు గారిది సూక్ష్మబుద్ధి. లోపలికి రానివాడు ఆలస్యంగా వచ్చినట్టు ఎలా అవుతాడు? తొమ్మిది కొట్టగానే గేటుకి తాళం వేయించారు.

క్లాసులో టీచరమ్మ కష్టాలు చెప్పమంటే పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. కాంపస్ బాక్సు మూత పడట్లేదని ఒకడన్నాడు. అది కష్టాలు రాసే ఫారంలో నింపి కిటికీలోంచి చూస్తే, మూడో బెంచీ పిల్ల గేటు బయట నిలబడి ఉంది. టీచరమ్మ లేచి అక్కడికెళ్లింది.

ఊచలకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకోవడం రెండు రోజులు పొడిపొడిగానే సాగింది. మూడో రోజు ఆ పిల్ల నోరు విప్పింది. అమ్మ రెండు నెలలుగా ఆస్పత్రిలో ఉంది. ఇంట్లో మామ్మకి మతిమరుపు, తలుపు తీసి ఉంటే వీధిలోకి వెళ్లిపోతుంది. పక్కింటి ఆంటీ డ్యూటీ దిగి వస్తేగానీ ఈ పిల్లకి కాలు కదపడానికుండదు.

"నిన్న మామ్మ నన్ను ఎవరమ్మా నువ్వు అంది టీచర్."

"నువ్వేం చెప్పావు?"

"పక్కింటమ్మాయినన్నాను. అలా అంటే మాట వింటుంది."

టీచరమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆ పిల్ల జడ సరిచేసింది.

ఒక్క పిల్ల కోసం గేటు తీయించమని అడగడానికి వెళ్తే హెడ్మాస్టరుగారు ఎంతో ఓపిగ్గా విన్నారు. విని, తోడు గంటలో క్లాసు వదిలి పిల్లతో మాట్లాడినందుకు మెమో ఇచ్చారు. మర్నాడు రిజిస్టర్లో ఆ పిల్ల పేరు కనపడలేదు.

"ఎనిమిది 'సి'కి మార్చామమ్మా," అన్నారాయన.

"మనకి 'సి' సెక్షన్ లేదు కదండీ."

"గది లేదు. టీచర్ లేరు. సెక్షనుంది."

గేటు బయట మిగిలిపోయేవాళ్లు మొత్తం పదకొండు మందట. అందర్నీ అందులో చేర్చారు. టీచరే లేనప్పుడు ఆలస్యమైందని రాసేవాళ్లుండరు, కష్టముందని రాసేవాళ్లూ ఉండరు.

టీచరమ్మ ఆ తర్వాత కూడా రోజూ వాచ్‌మన్ స్టూలు గేటు దగ్గరికి లాక్కుని కూర్చునేది. ఒక్క పిల్ల కాస్తా అయిదుగురయ్యారు, పదకొండు మందీ అయ్యారు. ఏడాది తిరిగేసరికి ఆవిడకి తొమ్మిది మెమోలు అందాయి.

ఏడాది చివర తోడు గంట బహుమతులివ్వడానికి మంత్రిగారు స్వయంగా ఆ బడికే వచ్చారు. సభ సరిగ్గా తొమ్మిదింటికి మొదలైంది. ఒక్క ఆలస్యమూ, ఒక్క సమస్యా లేని ఏకైక సెక్షన్ ఈ బడి ఎనిమిది 'సి' అని ప్రకటించి, ఆ బంగారాల్ని ఒక్కసారి కళ్లారా చూడాలన్నారు. హెడ్మాస్టరుగారు మంచినీళ్ల గ్లాసు వెతుక్కున్నారు.

టీచరమ్మ లేచి నిలబడింది. "గేటు బయటున్నారండీ. లోపలికి రానివ్వరు."

మంత్రిగారు గేటు వైపు చూశారు. ఊచల అవతల పదకొండు మొహాలు చప్పుడు చెయ్యకుండా ఇటే చూస్తున్నాయి. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత సభ జరుగుతుంటే తోసుకుని లోపలికి రాని పిల్లల్ని తన జీవితంలో చూడలేదన్నారు. షీల్డు హెడ్మాస్టరుగారి చేతిలో పెట్టారు.

వచ్చే ఏడాది నుంచి అన్ని బడుల్లో అన్ని సెక్షన్లూ ఎనిమిది 'సి' లాగే ఉండాలని ఆర్డరు మధ్యాహ్నానికల్లా బయల్దేరింది.