రెండు పక్కలా ఆకూ వక్కా

ఆ రోజు పొద్దున శివరామకృష్ణయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలువ తూము దగ్గరికి వెళ్లడం, నీళ్లు వదిలే లస్కరు హొన్నూరప్పను మంచి చేసుకుని తన పొలానికి నీళ్లు అడగడం, ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చి గోంగూర పచ్చడితో చద్దన్నం తినడం. కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త నేలా అమ్ముకుని, తుంగభద్ర నీళ్లను నమ్ముకుని బళ్లారి దగ్గర రూపనగుడి పక్కన వలస రైతుల క్యాంపులో దిగినవాడు. నారు ముదిరిపోతోంది. ఈ వారం నీళ్లు అందకపోతే నాట్లు లేవు. నాట్లు లేకపోతే ఈ ఏడు తిండీ లేదు.

"వెళ్లిన పని చూసుకుని రండి. ఎవరేమన్నా అవునవునంటూ తలాడించకండి," అని భార్య హనుమాయమ్మ గుమ్మంలోంచి హెచ్చరించింది.

"అవునవును," అన్నాడు శివరామకృష్ణయ్య.

ఆయన గుణమూ అదే, రోగమూ అదే. ఎదుటివాడి మాట కాదనడం ఆయనకు చేతకాదు. పైగా ఆయన పొలానికి నీళ్లు రావాలంటే ఇద్దరి దయ ఉండాలి. తూము తలుపు ఎత్తవలసినవాడు హొన్నూరప్ప. ఎత్తాక ఆ నీళ్లు పంపన్న చేలోని పిల్లకాలువ గుండా రావాలి. ఇద్దరిలో ఎవరి ముఖం మాడినా శివరామకృష్ణయ్య పొలం మాడుతుంది. కాబట్టి ఇద్దరికీ అవునని చెప్పడం కూడా సేద్యంలో భాగమేనని ఆయన నమ్మకం.

తూము పక్కన దుర్గక్క టీ అంగడి. బల్ల మీద ఆ ఇద్దరూ ఉన్నారు. ఉన్నారనడం కంటే కొట్టుకోబోతున్నారనడం సబబు. చుట్టూ ఊరు సగం చేరింది.

"రెండు కాళ్లతోనూ తన్నేటోడప్పా నారప! వాడు తన్నితే ఎదురు నిలబడే మొగోడు ఈ జిల్లాలోనే లేడు," అంటున్నాడు హొన్నూరప్ప.

"హులిగెప్ప నిలబడలేదా? వాడు అడ్డం నిలిస్తే ఈగ గూడా లోపలికి పోదు," అన్నాడు పంపన్న.

సంగతి ఎడ్ల గురించి కాబోలు అనుకున్నాడు శివరామకృష్ణయ్య. ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటి అందించాడు. "తన్నేదానికి ముక్కుతాడు బిగించి కట్టాలండీ."

అందరూ ఆయన వంక చూశారు. దుర్గక్కకు జాలేసింది.

"ఎద్దులు కాదప్పా, ఫుట్‌బాలు! తెల్ల సోల్జర్ల కాలంలో ఆడినోళ్లు. నారప బళ్లారి టీములో గోల్లు కొట్టేటోడు. హులిగెప్ప యశ్వంతనగరం గని టీములో గోలు కాసేటోడు. వాళ్లిద్దర్లో యావడు గొప్పోడని ఈళ్లు నా పెండ్లి నాటికే కొట్లాడుకుంటాండారు. నా కొడుక్కీ పెండ్లాయె, ఇంగా తెగలేదు."

"నువ్వు జెప్పప్పా," అన్నాడు హొన్నూరప్ప, "నారప గొప్పోడా, కాదా?"

"గొప్పవాడేనండీ."

"హులిగెప్ప?" అన్నాడు పంపన్న.

"ఆయనా గొప్పవాడేనండీ."

హొన్నూరప్ప సంచిలోంచి ఆకూ వక్కా తీసి చాచాడు. మర్యాదకు ఇచ్చాడనుకుని శివరామకృష్ణయ్య అందుకున్నాడు. వెంటనే పంపన్న కూడా చాచాడు. ఒకరిది తీసుకుని ఇంకొకరిది కాదంటే బాగుండదు కదా, అదీ అందుకుని రెండూ కలిపి నోట్లో వేసుకున్నాడు.

అంగడిలో అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఒప్పుకున్న్యాడు!" అని అరిచాడు హొన్నూరప్ప.

"ఏమి ఒప్పుకున్నానండీ?"

తగువు దగ్గర రెండు పక్కలా ఆకూ వక్కా అందుకుంటే పంచాయతీ పెద్దగా తీర్పు చెప్పడానికి మాటిచ్చినట్టట. కృష్ణా జిల్లాలో తాంబూలం పుచ్చుకుంటే భోజనం అయిందని అర్థం. ఈ తేడా ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఊళ్లో ప్రతివాడూ ఏనాడో ఏదో ఒక పక్క చేరిపోయాడు గనక, ఇన్నేళ్లుగా తీర్పు చెప్పే మనిషే దొరకలేదట.

"నువ్వు క్యాంపోనివి. ఏ పక్కా లేనోనివి. దేవుడు పంపినట్టు వచ్చినావప్పా," అన్నాడు పంపన్న, కళ్లు తుడుచుకుంటూ.

శివరామకృష్ణయ్య ఆకు నమలడం ఆపేశాడు. నమిలినదాన్ని తిరిగి ఇవ్వడం ఎలాగో తెలియలేదు. వచ్చిన పనైనా చక్కబెట్టుకుందామని నెమ్మదిగా, "అయితే, ఆ నీళ్ల సంగతి..." అన్నాడు.

హొన్నూరప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. "శివశివా! తీర్పు జెప్పేటోనికి నేను నీళ్లిస్తే లంచం కాదా? తీర్పు అయ్యేవరకూ తూము ఎత్తేది లేదు."

"నా చేలో నుంచి పోనిచ్చినా లంచమే. ఈ పొద్దే పిల్లకాలువకు కట్ట వేస్తా," అన్నాడు పంపన్న, అంతకంటే నిజాయితీగా.

నిన్నటిదాకా ఆ ఇద్దరూ ఏ విషయంలోనూ ఏకం కాలేదు. ఆయన పొలం ఎండగట్టడంలో మాత్రం ఏకమయ్యారు.

తీర్పు ఎటు చెప్పినా నీళ్లు రావు. నారప అంటే పంపన్న కట్ట తీయడు. హులిగెప్ప అంటే హొన్నూరప్ప తలుపు ఎత్తడు. "ఇద్దరూ ఇద్దరేనండీ," అని చూశాడు. రెండు వక్కలు నమిలి ఒక్క పేరు చెప్పలేవా అని జనం గోల చేశారు. చెమట తుడుచుకుంటూ, ఆ ఆటగాళ్లు ఎప్పుడో పోయి ఉంటారనో దొరకరనో ఆశపడి, "సాక్షులు లేకుండా తీర్పు ఎలాగండీ? ఆడినవాళ్లే రావాలి," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండవలసింది. హొన్నూరప్ప బళ్లారి బస్సెక్కాడు. పంపన్న యశ్వంతనగరానికి ట్రాక్టరు కట్టాడు. తూము తాళంచెవి హొన్నూరప్ప మొలతాడుకు వేలాడుతూ బళ్లారి పోయింది.

ఇంటికి చేరిన భర్త నోరు ఎర్రగా, ముఖం తెల్లగా ఉండడం చూసి హనుమాయమ్మ, "నీళ్లేవండీ?" అంది.

"నీళ్లు లంచమట."

"ఎవరు తీసుకున్నారు?"

"నేనే... తీసుకోలేదు. తీసుకుంటానని ఇవ్వలేదు. అసలు ఇదంతా ఫుట్‌బాలు వల్ల."

హనుమాయమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అంతలో దుర్గక్క వచ్చి, సాక్షులకు పెద్దమనిషి ఇంట్లోనే భోజనమని చెప్పి పోయింది. హనుమాయమ్మకు సంగతి ఇంకా అర్థం కాలేదు. వంట మాత్రం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి క్యాంపు నిండా జనం. ట్రాక్టరు మీద ఊరేగుతూ వచ్చి హులిగెప్ప దిగాడు, ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలతో. బస్సు దిగి, మోకాలు పట్టుకుని కుంటుతూ నారప వచ్చాడు. ఎదురుపడితే తన్నుకుంటారేమోనని జనం చోటు ఇచ్చారు. వాళ్లు కౌగిలించుకుని, విస్తళ్ల ముందు పక్కపక్కనే కూర్చుని, పప్పుచారు మళ్లీ మళ్లీ వేయించుకున్నారు.

శివరామకృష్ణయ్య చేతులు జోడించాడు. "మీ ఇద్దరిలో ఎవరు గొప్పో మీరే చెప్పి నన్ను బతికించండి. నా నారు పోతోంది."

నారప నవ్వాడు. "మా ఇద్దర్లోనా? మేమేందప్పా! తారానగరం యంకోబ ఉండె గదా."

"హౌదు, యంకోబ!" అన్నాడు హులిగెప్ప, అద్దాలు తీసి తుడుచుకుంటూ. "వాడు ఒగసారి నన్ను దాటించి గోలు కొడితే, నేను బంతి తేవడం మరిచి చప్పట్లు కొట్టినా. పట్టాళంలో చేరి యుద్ధానికి పోయినోడు తిరిగి రాలేదు. వాడుండింటే మా పేర్లు యావనికి తెలుస్తాండె?"

శివరామకృష్ణయ్యకు ఎందుకో గుండె బరువెక్కింది. ఆ యంకోబ ఎవరో తెలియకపోయినా, ఆయనే గొప్పవాడని మొదటిసారి మనస్ఫూర్తిగా అవుననాలనిపించింది.

కానీ హొన్నూరప్ప ముఖం జేవురించింది. "యంకోబ యావడు? ఈ నారపకు ఫుట్‌బాలు సంగతి ఏం తెలుసు?"

"హులిగెప్పకూ తెలీదు," అన్నాడు పంపన్న, పళ్లు కొరుకుతూ. "గోలు కాసేటోడు చప్పట్లు కొడతాడా? ఇన్నేండ్లు ఇట్లాంటోని కోసమా నేను కొట్లాడింది!"

"నడువప్పా పంపన్నా. ఈళ్లకు ఆట తెలీదు, మనకే తెలుసు."

ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ లేచారు. తగువు లేదు గనక తీర్పు లేదు. తీర్పు లేదు గనక నీళ్లు లంచం కాదు. ఆ కోపంలోనే ఒకడు తూము తలుపు పైదాకా ఎత్తేశాడు, ఇంకొకడు కట్ట తెగ్గొట్టేశాడు. పొద్దు వాలేసరికి శివరామకృష్ణయ్య మళ్లలో నీళ్లు తళతళలాడాయి. ఆయన గట్టు మీద చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద భుక్తాయాసంతో ఉన్న నారప, "మంచి భోజనమప్పా," అంటూ ఆకూ వక్కా చాచాడు. శివరామకృష్ణయ్య చెయ్యి అలవాటు కొద్దీ సగం దాకా వెళ్లింది.

"ఏవండీ!" అంది లోపలి నుంచి హనుమాయమ్మ.

ఆ ఏడు పంట బాగానే పండింది గానీ, ఆ తరువాత ఎవరి పెళ్లికి వెళ్లినా తాంబూలం ఇచ్చే వేళకు శివరామకృష్ణయ్య పందిట్లో కనిపించేవాడు కాదు.