తలుపుకు అటూ ఇటూ

విశ్వవిద్యాలయంలో మనోవిశ్లేషణ అధ్యాపక ఉద్యోగానికి పదింటికి ఇంటర్వ్యూ. అరగంట ముందే గదికి చేరి, బేగెల్ రొట్టె తిని, ఉపన్యాసం ఒకసారి మననం చేసుకుని, వేళకు నవ్వుతూ తలుపు తీయాలని టోవా గ్లిక్‌మన్ అనుకుంది. మనసు ఒంటరిగా తయారుకాదు, మనిషికీ మనిషికీ మధ్య తయారవుతుందని చెప్పే మనోవిశ్లేషణను కట్టడాలకు, అందులోనూ తలుపులకు అన్వయించడం ఆమె పరిశోధన. ఈ ఉద్యోగం కూడా రాకపోతే క్వీన్స్‌లో అన్నయ్య పరుపుల కొట్లో కూర్చోవడమే.

న్యూయార్క్ జులై ఉక్కకు ఆ పాత తలుపు ఉబ్బిపోయింది. పదింటికి టోవా లోపల్నుంచి పిడి తిప్పి తోసింది. కదల్లేదు.

బయట ముగ్గురు పరీక్షకులు వచ్చేశారు. మనోవిశ్లేషకుల దగ్గర ఎవరూ తలుపు తట్టరు. వేళ అవగానే లోపలివాళ్లే తీస్తారు, అందాకా బయట కూర్చోవడం మర్యాద. పెద్దాయన సాల్ మోకాళ్ల నొప్పితో ఒక కుర్చీ లాక్కుని, సరిగ్గా ఆ తలుపుకే ఆనించి కూర్చున్నాడు.

లోపల్నుంచి టోవా మళ్లీ తోసింది.

"నన్ను తోసేస్తోంది!" అన్నాడు సాల్.

"మొదలుపెట్టేసింది," అంది లొరేన్, పెన్ను తీస్తూ. "తలుపు గురించి చెప్పడం కాదు, మనకి చేసి చూపిస్తోంది."

కట్టడాల శాఖ నుంచి వచ్చిన ఆగస్టిన్ పిడి వైపు చెయ్యి చాపాడు. "బిగుసుకున్నట్టుంది. సాల్ గారూ, కాస్త లేవండి, లాగేస్తాను."

"ముట్టుకోకండి! మీకివన్నీ కొత్త," అంది లొరేన్.

"తలుపులు నాకు కొత్తా?"

లోపల టోవా తలుపు బాదింది. "ఎవరైనా ఉన్నారా? తలుపు తీయండి!"

"చూశారా? తెరిచే భారం మన మీద పెట్టింది," అంది లొరేన్.

"దయచేసి తీయండి! ఊపిరాడట్లేదు!"

"మా అమ్మ కూడా ఇలాగే గడియ పెట్టుకునేది," అన్నాడు సాల్. "నేను బయట కూర్చుని ఏడ్చేవాణ్ణి. ఒక్కసారి తట్టి ఉంటే తీసేదేమో."

"ఇప్పుడైనా తట్టండి మహానుభావా!" అన్నాడు ఆగస్టిన్.

సాల్ కళ్లు తుడుచుకుంటూ లేచి, కుర్చీ జరిపి, ముసలి వేళ్లతో మెల్లగా తట్టాడు. అదే క్షణంలో టోవా భుజంతో గుద్దింది. తలుపు ఫెళ్లున తెరుచుకుంది. ఆమె వచ్చి సాల్ మీద పడింది, ఇద్దరూ కలిసి కుర్చీలో పడ్డారు.

"ఇరుక్కుపోయానండీ!" అంది టోవా రొప్పుతూ.

"నేనూ అంతేనమ్మా. అరవై ఏళ్లుగా."

"అది కాదండీ, నిజంగా తలుపు ఉబ్బి..."

"వివరించకమ్మా, పాడైపోతుంది," అంది లొరేన్. "నా ఓటు నీకే."

సాల్ అప్పటికే చెయ్యెత్తేశాడు. అందరూ ఆగస్టిన్ వైపు చూశారు. అతను తలుపును ఒకసారి మూసి, తెరిచి, నిట్టూర్చాడు. "నాదీ ఆమెకే. మా శాఖలో తలుపు కోసం ఇంతవరకు ఎవరూ ఏడవలేదు."

"మరి నా ఉపన్యాసం?" అంది టోవా, నలిగిన కాగితాలు చూపిస్తూ.

"ఇంకా ఎందుకూ?" అన్నారు ముగ్గురూ.

ఉద్యోగంలో చేరిన రోజున, ఎలాంటి గది కావాలని అడిగితే, తలుపులేనిది ఉందా అని అడిగింది టోవా.