చోళ నావికులకు ఎగ్జిట్

"బంగాళాఖాతం ఒకప్పుడు మన చెరువు. దాని ముందు ఈ అరేబియా సముద్రమెంత, పిల్లకాలువ" అని మంత్రిగారు రియాద్ శివారు సులైలోని లేబర్ క్యాంపులో ప్రకటించారు.

గల్ఫ్ యుద్ధం అప్పుడే ముగిసింది. చిక్కుకుపోయిన తెలుగువారిని ఓదార్చడానికి ఆయన చరిత్ర నిపుణులతో సహా ప్రత్యేక విమానంలో రియాద్ వచ్చారు. చోళులు తమిళులేనని పెద్దమనసుతో ఒప్పుకున్నారు. కానీ రాజేంద్ర చోళుడి కూతురు వేంగి కోడలనీ, ఆమె కొడుకు కులోత్తుంగుడే చోళ సింహాసనం ఎక్కాడనీ, కాబట్టి చోళ నౌకాదళంలో సగం తెలుగువాళ్లదేననీ తేల్చారు. రాజేంద్రుడు సైన్యాన్ని గంగకు పంపి తాను గోదావరి ఒడ్డున ఆగాడట. నాయకుడంటే అందరినీ పంపాక కదిలేవాడట.

ముందు వరసలో వడ్రంగి నర్సింలు గట్టిగా చప్పట్లు కొట్టాడు. అతనిది జగిత్యాల వైపు. అతనికీ తోటివాళ్లకీ కావలసింది దేశం దాటడానికి ఎగ్జిట్. దానికి కఫీల్ సంతకం కావాలి. వాళ్లను పనికి రప్పించుకున్న ఆ కఫీల్, మొదటి క్షిపణి పడగానే లండన్ వెళ్లి, అక్కడి చలి నచ్చి ఉండిపోయాడు. ఊళ్లో భార్య ముత్తవ్వ కన్న బిడ్డకు నడక కూడా వచ్చేసింది. నర్సింలు ఇంకా దాని మొహం చూడలేదు.

మంత్రిగారు ఎగ్జిట్ మాట ఎత్తనివ్వలేదు. హైదరాబాద్‌లో జరగబోయే చోళాంధ్ర మహోత్సవానికి ఓడ కావాలన్నారు. నర్సింలు బృందం ప్లైవుడ్‌తో ఓడ కట్టింది. మంత్రిగారు అందులో నిలబడి ఫోటో దిగి కళ్లు తుడుచుకున్నారు.

"తెడ్లేసేటోళ్లు లేకుంటే పడవ అనుకుంటరు సార్, ఓడ అనరు" అన్నాడు నర్సింలు నెమ్మదిగా.

మంత్రిగారు నిపుణుల వైపు చూశారు. నిపుణులు తలలూపారు. క్యాంపు ఆఫీసు గుమస్తా ఆఫ్తాబ్ మంత్రిగారి సిఫారసు కాగితాలు పట్టుకుని పరుగెత్తాడు. కూలీలుగా నెలల తరబడి దొరకని ఎగ్జిట్, చోళ నావికులుగా ఒక్క మధ్యాహ్నంలో దొరికింది.

ఎయిర్‌పోర్టులో అందరి పాస్‌పోర్టుల మీదా ముద్రలు పడ్డాయి. ఓడను విప్పి విమానంలోకి ఎక్కించారు. తలపాగాలతో నావికులు వరసకట్టారు. అప్పుడు తెలిసింది, సీట్లు చాలవని. మంత్రిగారు బరువెక్కిన గొంతుతో నావికులు తర్వాత రావచ్చన్నారు.

నర్సింలు ఒక అడుగు ముందుకేశాడు. చుట్టూ మంత్రిగారి ప్రయాణం ఫోటోలు తీయడానికి వచ్చిన విలేకరులు కెమెరాలతో ఉన్నారు. చేతులు జోడించాడు.

"సార్, రాజు సైన్యాన్ని ముందుగాల పంపి తను గోదారి ఒడ్డున ఆగిండని మీరే చెప్పిన్రు గద. మీ అసుంటి రాజు మాకు దొరికిండు."

విలేకరులు చప్పట్లు కొట్టారు. కెమెరాలు వరసగా మెరిశాయి. మంత్రిగారు నవ్వక తప్పలేదు. నవ్వుతూనే నిపుణులతో సహా పక్కకు తప్పుకుని చెయ్యి ఊపారు. విమానం లేచేదాకా ఊపుతూనే ఉన్నారు. నర్సింలు కిటికీకి నుదురు ఆనించి, నవ్వో ఏడుపో తెలియకుండా కూర్చున్నాడు.

ఆ తర్వాతి సంగతి ఆఫ్తాబ్ నర్సింలుకు ఫోన్‌లో చెప్పాడు. మంత్రిగారి వీసా మీద ఎగ్జిట్ ముద్ర పడిపోయింది కాబట్టి తిరిగి ఊళ్లోకి రానివ్వలేదట. నీ కఫీల్ ఎవరని కౌంటర్‌లో ఆఫీసర్ అరబ్బీలో అడిగాడు. ఎవరి అండ చూసుకుని ఈ దేశం వచ్చారంటున్నాడని ఆఫ్తాబ్ తెలుగులో చెప్పాడు.

మంత్రిగారు ఛాతీ విరుచుకుని, "రాజేంద్ర చోళుడు" అన్నారు.

ఆఫీసర్ ఆ పేరు శ్రద్ధగా రాసుకుని, పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకు రమ్మన్నాడు.