గంగాధరం వెన్నులో లేని మిషను

2007లో బద్వేలు పట్టణానికి ఒక అరుదైన గౌరవం దక్కింది. బట్టల వ్యాపారి గంగాధరం నడుము నొప్పికి వెన్నులో మిషను పెట్టాలని ఒక పెద్ద నగరం డాక్టరు సెలవిచ్చాడు. చర్మం కింద బ్యాటరీ, వెన్నుపూసల దగ్గరికి తీగ. కరెంటు పారితే నొప్పి తెలియదట. అంతవరకు మా ఊళ్లో ఇంత హోదా గల నొప్పి ఎవరికీ రాలేదు.

ఆరేళ్లుగా గంగాధరం పది నిమిషాలు నిలబడి ఎరగడు. కూతురు శ్రీవాసవి కాలేజీలో బహుమతి అందుకున్న రోజు ఆయన వెనక బెంచీ మీద పడుకుని చప్పట్లు కొట్టాడు.

ఆపరేషనంటే ఆయనకు భయం. భార్య సుందరలక్ష్మికి అంతకన్నా భయం. "కోయించుకునేది యాడికీ పోదు. ముందు కోయకుండా ఏముండాదో చూద్దాం" అని ఆమె ఆయన్ని కడపలో ఫిజియోథెరపీ చేసే శిల్ప దగ్గరికి తీసుకుపోయింది.

శిల్ప నడుము మీద పట్టీలు అంటించి సన్నగా కరెంటు పెట్టింది. "ఇది కొంచేపు నొప్పి తగ్గిస్తాది, అంతే. రోజూ నడవల్ల, వ్యాయామం చేయల్ల. ఆరేళ్ల నొప్పి ఆరు దినాల్లో పోదు" అంది.

మొదటి వారం గంగాధరం ఏడ్చాడు. నాలుగో నెలకు గంటసేపు నిలబడి చీరలు చూపించాడు. నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఆయన మీద పెత్తనం మానుకుంది.

నడిచి బాగుపడ్డానంటే ఊరు చిన్నబుచ్చుకుంది. "నడిస్తేనా? మా ఎద్దు గూడా నడుస్తాది" అన్నారు. అందుకే ఎవరో "మిషను పెట్టించినావంట కదప్పా?" అని అడిగినప్పుడు గంగాధరం కాదనలేదు. వారం తిరక్కుండా పౌరసన్మాన సంఘం శాలువా కప్పింది. అధ్యక్షుడు ప్రదీప్‌కుమార్ ఉద్వేగంతో ప్రసంగించాడు: "కరెంటుతో నడిచే తొలి బద్వేలు పౌరుడు గంగాధరంగారు! ఎన్ని కరెంటు కోతలొచ్చినా వంగని వెన్ను ఇది!"

సభ ముగిశాక, గంగాధరం అంగట్లో మూటలు మోసే బసవన్న ఆయన దగ్గరికొచ్చాడు. "సామీ, నా నడుమూ శానా దినాలనుంచి ఇట్లే ఉండాది. బర్రెను అమ్మి మిషను పెట్టించుకుందామనుకుంటాండా. యాడ పెడతారు?"

గంగాధరం శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు. "అబద్ధం చెప్పినా బసవన్నా. నాకు ఏ మిషనూ లేదు. బర్రెను అమ్మొద్దు."

మరుసటి వారమే అతన్ని శిల్పకు చూపించాడు. అంగట్లో మూటల బరువు సగానికి తగ్గించాడు. ఇద్దరూ తెల్లారి కలిసి నడిచారు. మూడు నెలలకు బసవన్న చేయి ఆనించకుండా లేచి నిలబడ్డాడు.

ఆ ధైర్యంతో గంగాధరం సంఘాన్ని సమావేశపరిచి జరిగిందంతా ఒప్పుకున్నాడు. చొక్కా ఎత్తి వీపు చూపించాడు. ప్రదీప్‌కుమార్ కళ్లజోడు సవరించుకుని, వేలితో తడిమి చూశాడు.

"గీత గూడా పడకుండా పెట్టినాడప్పా! ఏం డాక్టరు!"

ఆ సాయంత్రమే ముగ్గురు పెద్దమనుషులు ఆ డాక్టరు చిరునామా కోసం గంగాధరం ఇంటికి వచ్చారు. వారిలో ఇద్దరికి నడుము నొప్పే లేదు.