హబీబుద్దీన్ కొట్టిన సిక్సు

‘కొట్టు’ అనే క్రియాపదం మన భాషకు దక్కిన వరం! గోలైనా కొట్టాల్సిందే, సెంచరీ అయినా కొట్టాల్సిందే. కన్ను, సెల్యూటు, కొబ్బరికాయ... అన్నింటికీ అదొక్కటే మాట. దీనివల్ల పోలీసులకు ఎంత శ్రమ తప్పుతుందో ఎవరైనా ఆలోచించారా?

కోరుట్ల దర్జీ హబీబుద్దీన్‌కు ఆ సంగతి సకల జనుల సమ్మెలో తెలిసొచ్చింది.

ఆరోజు కథలాపూర్ రోడ్డు మీద రాస్తారోకో. బస్సుల్లేవు, లారీల్లేవు. అంత నున్నటి రోడ్డును ఊరికే వదిలేయడం పాపం కాదూ! సమ్మెలో ఉన్న టీచర్లు క్రికెట్ మొదలుపెట్టారు. తెలుగు చెప్పే శాంత టీచర్ కామెంటరీకి మైకు అందుకుంది. చూడ్డానికి వచ్చిన హబీబుద్దీన్ చేతిలో ఎవరో బ్యాటు పెట్టారు. అరవై ఏళ్లొచ్చినా కత్తెర తప్ప మరొకటి ఆడించి ఎరగడాయన. బాలరాజు అనే టీచర్ బంతి వేయగానే కళ్లు మూసుకుని ఊపాడు. బంతి సమ్మె టెంటు మీదుగా వెళ్లి మక్కచేనులో పడింది.

“కొట్టిండు! హబీబుద్దీన్ చాచ కొట్టిండుల్లా!” మైకు అరిచింది.

“ఇంకోటి కొట్టు చాచా!” జనం ఊగిపోయారు.

అప్పుడే మలుపు తిరిగిన పోలీసు జీపులోని వాళ్లకు బంతి కనబడలేదు. క్రియాపదం మాత్రం వినబడింది. లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ హబీబుద్దీన్ కుడి మణికట్టు మీదే పడింది. దసరాకు కుట్టాల్సిన బట్టలన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి.

స్టేషన్లో కొత్తగా వచ్చిన ఎస్సై కాగితం ముందేసుకున్నాడు.

“కొట్టింది నువ్వేనా?”

“నేనే సార్.” నొప్పిలోనూ హబీబుద్దీన్‌కు గర్వం దాగలేదు.

“ఎన్ని?”

“సిక్స్ సార్.”

ఆరు దెబ్బలని ఎస్సై రాసుకున్నాడు. “ఎవర్ని?”

“బాలరాజును సార్.”

“బతికే ఉన్నాడా?”

“ఉన్నడు సార్. జర శరమై తలకాయ దించుకున్నడు గంతే.”

ఇంతలో శాంత టీచర్, బాలరాజును వెంటబెట్టుకుని, బంతి పట్టుకుని వచ్చింది. విషయం అర్థమై ఎస్సై రాసిందంతా కొట్టేశాడు. మళ్లీ రాశాడు: ‘తోపులాటలో దర్జీ చేతికి గాయమైనది.’

శాంత చదివింది. “గీ వాక్యంల కర్త ఏడి సార్? చాచ చెయ్యి మీద కొట్టిందెవరు?”

“ఎవరూ కొట్టలేదమ్మా. తగిలింది.”

చూశారా! బంతిని కొడితే కేసు. మనిషిని కొడితే ఆ మాటే అక్కర్లేదు!

ఎస్సై కాగితం, పెన్ను ముందుకు తోశాడు. “సంతకం కొట్టి ఇంటికెళ్లు.”

హబీబుద్దీన్ వాచిన చేతిని చూసుకున్నాడు. ఎడమ చేత్తో పెన్నును మెల్లగా ఎస్సై వైపే జరిపాడు.

“నా చెయ్యి లేస్తలేదు సార్. మీరే కొట్టుండ్రి. మీకైతే అలవాటే.”