మూడు సంతకాల బ్యాకప్

కృష్ణా డెల్టాలో వ్యాపారం చేసే ప్రతివారికీ తెలిసిన పరమసత్యం ఒకటుంది: నెలనెలా అద్దె కడుతున్న చోట పెట్టిన వస్తువు ఎన్నటికీ పోదు.

గుణదలలో మంగళగిరి చీరల వ్యాపారం చేసే వెంకటకృష్ణారావుగారికి ఈ సత్యం బాగా ఒంటబట్టింది. తండ్రి గళ్ల కాగితాల మీద గీసిన అంచుల డిజైన్లు ఎనిమిది వందల పైచిలుకు. వాటన్నిటినీ స్కాన్ చేయించి క్లౌడ్‌లో పెట్టించారు. కాగితాలను పాత పేపర్లవాడికి తూకానికి వేశారు. (తూకం దగ్గర పావుగంట నిలబడి చూసుకున్నారు. జాగ్రత్తపరులు.)

డిజైన్ల పని చూసే కనకలక్ష్మి, ఇంకో నకలు హార్డ్‌డిస్కులోకి తీసి వేరేచోట ఉంచుదామంది. ఆయన కాదనలేదు, కాదనడం ఆఫీసు పద్ధతి కాదు. 'నకలు ఆవశ్యకతా నిర్ధారణ పత్రం' ఒకటి తయారుచేయించి, మూడు సంతకాలు కావాలన్నారు. మూడూ ఆయనవే. యజమానిగా సంతకం పెట్టారు. మేనేజరుగా పరిశీలనకు ఉంచుకున్నారు. భద్రతాధికారిగా నిరాకరించారు.

"నగలు లాకర్లో పెట్టాక, ఇంట్లో ఉంచడానికి ఇంకో జత చేయించుకుంటామా అమ్మా?" అన్నారు.

"లాకరు తాళంచెవి ఆరుగురి దగ్గరుందండీ," అంది కనకలక్ష్మి. ఆఫీసంతటికీ పాస్‌వర్డ్ ఒక్కటే. అదీ క్యాలెండరు పక్కన గోడ మీద రాసి ఉంది (పెద్దక్షరాలతో, ఎవరూ ఇబ్బంది పడకూడదని).

దసరా వచ్చింది. ఆయుధపూజకు ముందు బూజు దులపాలి కనుక రావుగారు 'సమగ్ర దుమ్ము నివారణ ఉత్తర్వు' జారీచేసి, అందరికీ ఆదర్శంగా ఉండాలని ముందు తన ఫోనే శుభ్రం చేశారు. చోటు లేదని అది నాలుగు రోజులుగా గోలపెడుతోంది. చూస్తే సగం అంచులే. ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని అన్నీ తుడిచేశారు. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతాయి, సరేనా అని ఫోను అడిగింది కూడా. ఆయన 'సరే' నొక్కారు. ఫోను ఏమడిగినా ఆయన 'సరే'నే నొక్కుతారు. మర్నాడు కంప్యూటరుకు బొట్టుపెట్టి గుమ్మడికాయ కొట్టారు.

కార్తీకం చివర్లో పెళ్లివారి ఆర్డరు వచ్చింది: పెద్దాయన గీసిన గోపురం అంచుతో అరవై చీరలు. పదహారు మగ్గాలు ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. ఫోల్డరు తెరిస్తే అదీ ఖాళీ.

క్లౌడ్ కంపెనీ సహాయక యంత్రం ఎంతో మర్యాదగా బదులిచ్చింది. తుడిచినవాటిని ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంచుతారట. అప్పటికి నలభై నాలుగు గడిచాయి. తమ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని కూడా అడిగింది.

విచారణ సంఘం వేశారు. గంటలో నివేదిక వచ్చింది. చదువుతున్న కనకలక్ష్మి ఒకచోట ఆగింది.

"మీ ఫోనేనండీ," అంది మెల్లగా.

ఆ అంచు కుదిరేదాకా తండ్రి వారం రోజులు అన్నం కూడా మగ్గం దగ్గరికే తెప్పించుకోవడం చిన్నప్పుడు చూశారు రావుగారు. ఇప్పుడు ఏడుపే వచ్చింది.

కనకలక్ష్మి మంగళగిరికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే నేతపనివాడు మరియదాసు ట్రంకుపెట్టెతో బస్సు దిగాడు. నేయడానికని పెద్దాయన తమకిచ్చిన పాత గళ్ల కాగితాలు రెండొందలు అందులో ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున గోపురం అంచు. ఇన్నేళ్లూ ఎందుకు దాచావని రావుగారు అడిగారు.

"ఆఫీసులో పోతాయని మా నాన్న చెప్పేవాడండీ."

రావుగారు కళ్లు తుడుచుకున్నారు. భద్రతాధికారిగా పత్రం మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. (మేనేజరు పరిశీలన కొనసాగుతోంది.) కాగితాలన్నీ స్కాన్ చేయించి క్లౌడ్‌లోకి ఎక్కించాక, ఇక వీటితో పనిలేదని, బరువెందుకు, దారిలో పడేయమని మరియదాసుకు దయతో సెలవిచ్చారు.

"అలాగేనండీ," అన్నాడు మరియదాసు. పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకు వెళ్లి, కలరా ఉండల పొట్లం ఒకటి కొనుక్కుని మంగళగిరి బస్సెక్కాడు.