నాలుగు అట్టల ఎలుక

సోమవారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ బాలకిష్టయ్య సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గురువారం ఆఫీసరు వస్తాడు. ఎలుక రొట్టె తింటుంది. కంప్యూటరు గద్వాలలోనే ఉంటుంది.

అది 1989. గద్వాల బడికి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటరు తమకు ఇప్పించమని వనపర్తి బడివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. అది తేల్చడానికే విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నాడు. లెక్కలు చెప్పే బాలకిష్టయ్య ఆ పెట్టెతో పాఠం చెబుతున్న మాట నిజమే గానీ, ఆ పాఠం ఒక ఎలుక ఆట. గోడల మధ్య చిక్కుకున్న ఎలుకను రొట్టె దగ్గరికి చేర్చాలి. అది ఎటు ఎన్ని అడుగులు వెయ్యాలో ముందే వరసగా రాసిపెట్టి, చేతులు కట్టుకుని చూడాలి. తప్పు రాస్తే ఎలుక గోడకు ముక్కు గుద్దుకుంటుంది. పిల్లలు ఇంత ఇష్టంగా ఆలోచించడం ఆయన తన సర్వీసులో చూడలేదు.

"బడిల ఆటలాడిస్తున్నరని రాసిండ్రంట. ఆఫీసరు ముందర నీ ఎలుక ఆగిందంటె పెట్టె గా జీపులనే పోతది," అని హెడ్మాస్టరు అనంతయ్య ముందే చెప్పేశాడు.

చిక్కంతా ఆఫీసరుకు చూపాల్సిన మూడో ఆటలో ఉంది. ఆ దారికి నలభై ఆజ్ఞలు కావాలి, యంత్రమేమో పదికి మించి తీసుకోదు. వెనక్కి వెళ్లి మళ్లీ చెయ్యమనే ఆజ్ఞ ఒకటుంది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో సారుకే అంతుపట్టలేదు. చివరికి దారిని గళ్ల కాగితం మీద గీసి తొమ్మిదో తరగతి సుగుణకు ఇచ్చాడు.

"ఇంటికాడ జర ఆలోచించు బిడ్డా."

సుగుణ దారి పొడవునా ఎర్ర పెన్సిలు పూసింది. ఎంతకూ తేలక, కాగితాన్ని నాయిన మగ్గం మీద పెట్టి అన్నానికి లేచింది.

ఆమె తండ్రి వెంకట్రాములు ఆ రోజు షావుకారు పంపే కొత్త అంచు నమూనా కోసం ఎదురుచూస్తున్నాడు. నేత ఇళ్లకు నమూనా వచ్చేది గళ్ల కాగితం మీదే, గళ్లు నింపేది ఎర్ర పెన్సిలుతోనే. ఇంకేం, కాగితం చూసి అట్టలకు చిల్లులు కొట్టి, దండగా కుట్టి, మగ్గం పైకెక్కించాడు. ఆ చిల్లులను బట్టే అంచులో బొమ్మ లేస్తుంది. ఆ చీర వనపర్తి పెండ్లికూతురిది. కాసేపటికి షావుకారు మనిషి అసలు నమూనా తెచ్చిస్తే, బిడ్డ లెక్కల కాగితం అనుకుని తల్లి సత్యమ్మ దాన్ని సుగుణ పుస్తకంలో భద్రంగా దాచింది. ఆ ఇంట్లో అందరూ తమ పని శ్రద్ధగానే చేశారు.

గురువారం ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాక సుగుణ మడత కాగితం తీసిచ్చింది. సారు దాన్ని విప్పి నేరుగా ఆయన ముందు పరిచాడు.

ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇవి మామిడి పిందెలు కదండీ. ఎలుక ఏది?"

సుగుణ తెల్లబోయింది. "ఎలుక పిందెలు గూడ తింటది సార్," అన్నాడు అనంతయ్య, బడి పరువు కాపాడుతూ.

బాలకిష్టయ్య తనకు తోచిన పది ఆజ్ఞలు కొట్టాడు. ఎలుక గోడకు గుద్దుకుంది. మార్చి కొట్టాడు. ఈసారి ఇంకో గోడకు గుద్దుకుంది. ఆఫీసరు కలం మూత తీశాడు. జీపు డ్రైవరు పెట్టె ఎంత బరువుంటుందోనని ఒక మూల ఎత్తి చూశాడు.

అప్పుడొచ్చాడు వెంకట్రాములు, భుజాన అట్టల దండతో.

"మన్నించాలె సార్. షావుకారు వచ్చి గిది నా నమూనా గాదన్నడు. గప్పటికే మూరెడు నేసిన. కాగితం ఎనక మా సుగుణ పేరుండె. చిల్లులు కొడుతుంటె అది చినిగింది, గందుకే అట్టలే తెచ్చిన."

సారుకు ఏడుపొక్కటే తక్కువ. "నా నలభై అడుగులకు నలభై అట్టలు కొట్టినవా అన్నా?"

"నలభై ఎందుకు సార్? నాలుగు తీర్లే. పైకి, కుడికి, పైకి, ఎడమకు. మల్ల గదే. ఆఖరి అట్టను మొదటి అట్టకు కలిపి కుడితె దండ తిరుగుకుంటనే ఉంటది. చీరంతా గట్లనే నేస్తం."

సుగుణ ఎవరినీ అడగకుండా కంప్యూటరు ముందుకు వెళ్లింది. నాలుగు ఆజ్ఞలు కొట్టింది. అయిదోది, మొదటి దాని దగ్గరికి వెళ్లి అలాగే మొత్తం పదిసార్లు చెయ్యమని. ఎలుక మెలికలు తిరుగుతూ వెళ్లి రొట్టె తినేసింది.

ఆఫీసరు కలం మూత పెట్టాడు. "పెట్టె ఇక్కడే ఉండనీయండి," అన్నాడు.

బాలకిష్టయ్య వెంకట్రాములు రెండు చేతులూ పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "నెల దినాలు కొట్టుకున్న అన్నా. రెండు మాటల్ల తేల్చినవు. నీ మేలు ఎన్నటికి మరువ," అంటుంటే ఆయనకు నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ఏడు మొదలుకొని ఏటా ఆయన మొదటి పాఠం ఆ మగ్గం దగ్గరే జరిగింది. పిల్లలు ముందు నేతగాడికి దండం పెట్టి తర్వాతే కంప్యూటరు ముట్టుకునేవారు.

"గది సరే సార్. నా చీర సంగతేంది?" అన్నాడు వెంకట్రాములు, కుర్చీ అంచున కూర్చుని.

ఆదివారం మగ్గం చూడటానికి వచ్చిన పెండ్లికూతురు తల్లి, మామిడి పిందెలు ఊరంతా కడుతున్నారని, ఈ మెలికల అంచే ఉంచమంది. కంప్యూటరు వనపర్తికి వెళ్లలేదు గానీ, ఎలుక దారి మాత్రం చీర పొడవునా వెళ్లింది.